మూలల్లోని మట్టి: ఘనపరిమాణం లెక్కలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా కరువు భత్యం బకాయిల మీదా, వైద్య బిల్లుల మీదా, ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు మీదా ప్రసంగాలు జరుగుతాయి. అవి జరగవలసినవే. ఈసారి కార్యదర్శిగారు మాత్రం, "మీరు సర్వీసంతా చేసిన పని ఏమిటో అరగంట చెప్పండి, ప్రత్యేక సంచికలో వేస్తాం" అన్నారు. నేను 1968లో ఎల్.సి.ఇ. పాసై మన శాఖలో సూపర్‌వైజరుగా చేరాను, 2005లో పదవీ విరమణ చేశాను. ఆ 37 ఏళ్ల పని ఒక్క మాటలో చెప్పమంటే కొలవడం అంటాను. తవ్విన గుంట కొలవడం, పోసిన గట్టు కొలవడం, పేర్చిన కంకర కొలవడం, కొలిచింది ఎం.బుక్కులో రాయడం. ఆ అంకెను బట్టి బిల్లు, బిల్లును బట్టి కూలి. కనుక ఘనపరిమాణం అనే స్కూలు పాఠాన్నే ఈవేళ మీ ముందు పెడుతున్నాను. సభలో లెక్కల మాస్టార్లు కూడా ఉన్నారు. వారికి తెలియని సంగతి ఇందులో ఉండదు, కాస్త ఓపిక పట్టాలని మనవి.

ముందు పాఠం త్వరగా ముగిస్తాను. కింది నుంచి పై దాకా అడ్డుకోత మారని వస్తువులు కొన్ని ఉన్నాయి. బీరువా, ఇటుక, నీళ్ల డ్రమ్ము, బావి వర, ఇలాంటివి. వీటికి అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే చాలు. అడుగు నలుచదరమైనా గుండ్రమైనా మూడు మూలలదైనా పద్ధతి ఒకటే. రెండో రకం, పైకి పోనుపోను సన్నబడి ఒక మొనలో ముగిసేవి. ధాన్యపు రాశి, ఐస్‌క్రీము కోను, ఈజిప్టు పిరమిడ్లు ఈ రకానివి. వీటికి పై లెక్కలో మూడో వంతు. మూడోది గోళం. గోళాన్ని సరిగ్గా పట్టే డబ్బా ఒకటి చేయిస్తే, ఆ డబ్బాలో మూడింట రెండు వంతులు గోళం ఆక్రమిస్తుంది. దీన్ని నిరూపించినవాడు ఆర్కిమెడీస్. అంటే ఒకే వ్యాసం, ఆ వ్యాసమంతే ఎత్తు ఉన్న శంకువు, గోళం, డబ్బా ఒకదాని పక్కన ఒకటి పెడితే వాటి పరిమాణాలు 1, 2, 3గా ఉంటాయి. ఇంత అందమైన సంగతి పుస్తకాల్లో మూడు వేర్వేరు సూత్రాలుగా విడిపోయి పిల్లల కంటికి ఆనకుండా పోతోంది.

గోళం దగ్గర ఇంకొక్క మాట. వ్యాసం రెట్టింపైతే పరిమాణం రెట్టింపు కాదు, 8 రెట్లు అవుతుంది. 6 సెంటీమీటర్ల బత్తాయి, 8 సెంటీమీటర్ల బత్తాయి పక్కపక్కన పెట్టి చూస్తే కాస్త చిన్న, కాస్త పెద్ద అనిపిస్తుంది. లెక్క వేస్తే పెద్దది చిన్నదానికి 2.37 రెట్లు. డజను లెక్కన కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే శ్రీమతులు మెచ్చుకుంటారు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఆ మూడో వంతు. మా మనవరాలు తొమ్మిదో తరగతి. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. "మొన తేలినదానికి మూడో వంతే ఎందుకమ్మా? సగం ఎందుకు కాకూడదు?" అని అడిగితే, "ఫార్ములా అంతే తాతయ్యా" అంది. అప్పుడు ఒక పెద్ద బంగాళాదుంపను నలుపలకలూ సమానంగా ఉండే సమఘనంగా కోశాం. దానికి ఆరు ముఖాలు. ఏదో ఒక మూలను ఎంచుకుంటే, ఆ మూలకు తగిలే ముఖాలు మూడు, తగలనివి మూడు. తగలని ఒక్కొక్క ముఖం అంచుల నుంచి ఎంచుకున్న మూలకు చేరేటట్టు కత్తి పెడితే దుంప మూడు ముక్కలవుతుంది. మూడూ అచ్చంగా ఒకలాంటివే. ఒక్కొక్కదానికి నలుచదరపు అడుగు, ఒక మూలకు నేరుగా పైన మొన. మూడు సమాన ముక్కలు కలిస్తే ఒక పెట్టె అయింది కనుక ఒక్కొక్కటి మూడో వంతు. ఇందులో సూత్రం బట్టీ పట్టేదేమీ లేదు. మొన పక్కకు జరిగినా, అడుగు గుండ్రమైనా, ఒక్కొక్క ఎత్తు దగ్గర అడ్డుకోత వైశాల్యం అంతే ఉన్నంతవరకు పరిమాణం మారదు. పేకముక్కల కట్టను పక్కకు వాల్చినంత మాత్రాన ముక్కలు తగ్గవు గదా.

ఆ బంగాళాదుంప ముక్కను గుర్తుంచుకోండి. దాని మీదే కూలి డబ్బులు ఆధారపడి ఉన్న సంగతి ఇప్పుడు చెబుతాను.

డెబ్బయ్యవ దశకంలో కరువు పనుల కింద పశువులకు నీటి కుంటలు తవ్విస్తున్నాం. వాలు గోడల కుంటలవి. పైన 10 మీటర్లకు 10 మీటర్లు, అడుగున 4 మీటర్లకు 4 మీటర్లు, లోతు 3 మీటర్లు. తవ్వేది ఒక వడ్డెర ముఠా. మగవాళ్లు గడ్డపారలు, పారలు పడితే ఆడవాళ్లు తట్టలు మోసేవారు. నాకు ముందు ఆ సెక్షను చూసినవారు సగటు కొలత పద్ధతిలో రాసి వెళ్లారు. పైన 10, అడుగున 4, సగటు 7. ఏడేళ్లు నలభై తొమ్మిది, దాన్ని లోతు 3తో గుణిస్తే 147 ఘనపు మీటర్లు. పద్ధతి అక్కడ అందరూ వాడుతున్నదే. వారిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు.

నేను చార్జి తీసుకున్న వారం రోజులకు ముఠా మేస్త్రీ వచ్చాడు. నాకంటే పాతికేళ్లు పెద్ద. అక్షరం ముక్క రాదు. "అయ్యా, కుంటకు తొమ్మిది పది మీటర్ల మట్టి మాకు లెక్కలోకి రావడంలా" అన్నాడు. తట్టలు లెక్కపెట్టావా అన్నాను. పెట్టానన్నాడు. తవ్విన మట్టి ఉబ్బుతుంది, తట్టల లెక్క గుంట లెక్కతో ఎప్పుడూ కలవదని చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. "తట్టల మాట వదిలెయ్యండి. మీరు గుంట నడుం కొలిచారు. బాగానే ఉంది. నాలుగు మూలల్లో పై నుంచి దిగిన మట్టి ఎవరు మోసినట్టయ్యా?" అన్నాడు.

ఆ సాయంత్రం క్యాంపులో కూచుని కుంటను కాగితం మీద ముక్కలు చేశాను. మీరు కూడా నాతో చేయండి, కష్టమేమీ లేదు. అడుగున ఉన్న 4కు 4 నేల మీద నిటారుగా ఒక పెట్టె ఉంది. దాని పరిమాణం 4 ఇంటూ 4 ఇంటూ 3, అంటే 48. ఆ పెట్టెకు నాలుగు పక్కలా వాలు భాగాలున్నాయి. ఒక్కొక్కటి పొడవు 4, పైన వెడల్పు 3, లోతు 3, అడ్డుకోతలో త్రిభుజం. కనుక ఒక్కొక్కటి 18, నాలుగూ కలిసి 72. ఇక మిగిలినవి నాలుగు మూలలు. ఒక్కొక్క మూల పైన 3కు 3 చదరం, కిందికి దిగేకొద్దీ సన్నబడి 3 మీటర్ల లోతున నేల మూల దగ్గర మొన తేలుతుంది. ఇది అచ్చంగా మన బంగాళాదుంప ముక్క! 3 ఇంటూ 3 ఇంటూ 3 అంటే 27. అందులో మూడో వంతు 9. నాలుగు మూలలూ 36. మొత్తం 48, 72, 36 కలిపితే 156.

ఎం.బుక్కులో ఉన్నది 147. తేడా 9 ఘనపు మీటర్లు. మేస్త్రీ చెప్పిన అంకె అదే.

తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. పెట్టె భాగంలో తేడా లేదు, పక్క వాలుల్లో తేడా లేదు. అంతా మూలల్లోనే. సగటు కొలత వేసినప్పుడు 3లో సగం ఒకటిన్నర, ఒకటిన్నర ఇంటూ ఒకటిన్నర ఇంటూ 3, అంటే మూలకు 6.75. అది 27లో పావు వంతు. నిజంగా తవ్వినది మూడో వంతు. పావుకూ మూడో వంతుకూ మధ్య ఉన్న మట్టిని తట్టలకెత్తి మోశారు, దానికి మాత్రం డబ్బు రాలేదు.

మా డివిజను ఆఫీసులో ఇంకొకరు దీనికి విరుగుడుగా రెండో పద్ధతి చెప్పారు. పొడవుల సగటు కాకుండా వైశాల్యాల సగటు తీయమన్నారు. పైన 100 చదరపు మీటర్లు, అడుగున 16, సగటు 58, లోతు 3తో గుణిస్తే 174. ఇందులో కూలివాడికి మేలే గాని ఖజానాకు 18 ఘనపు మీటర్ల నష్టం. ఈ తేడా కూడా మూలల్లోదే. ఈ పద్ధతి మూలను 27లో సగంగా, అంటే 13.5గా పట్టుకుంటుంది. ఒక పద్ధతి పావు అంటుంది, ఇంకొకటి సగం అంటుంది, మట్టి మాత్రం మూడో వంతు ఉంది.

సరైన లెక్కకు ఇంజనీర్ల పుస్తకాల్లో ప్రిజ్మాయిడల్ ఫార్ములా ఉండనే ఉంది. పై వైశాల్యం, అడుగు వైశాల్యం, సరిగ్గా సగం లోతున ఉన్న వైశాల్యానికి నాలుగు రెట్లు, ఈ మూడూ కలిపి, లోతుతో గుణించి, ఆరుతో భాగించాలి. 100, 16, నాలుగు నలభై తొమ్మిదులు 196, మొత్తం 312. దాన్ని 3తో గుణించి 6తో భాగిస్తే 156. ఈ లెక్క కాగితం జతపరిచి పై అధికారికి పెట్టాను. ఆయన రెండుసార్లు తానే వేసి చూసుకుని, సంతకం చేశారు. ఆ ముఠా తవ్విన కుంటలు 14. అంటే 126 ఘనపు మీటర్లు. పన్నెండు మంది ఉన్న ముఠాకు అది సుమారు నాలుగు రోజుల కూలి. కరువు ఏడాదిలో నాలుగు రోజుల కూలి అంటే ఏమిటో ఈ సభలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు.

అన్ని చోట్లా ఇంత తేడా వస్తుందని అనుకోవద్దు. పొడవాటి కాలువలో మూలలు లేవు, వైశాల్యాల సగటు వేసినా తేడా స్వల్పం. అందుకే కాలువల మీద జీవితమంతా పనిచేసినవారికి ఈ సంగతి తట్టదు. గుంట చిన్నదై, వాలు ఎక్కువై, లోతు పెరిగినప్పుడే మూలలు మింగేస్తాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన తర్వాత మన రాష్ట్రంలో నీటి కుంటలు, ఇంకుడు గుంతలు విరివిగా తవ్వారు. ఆ పనుల్లో కూలి కొలతను బట్టే వచ్చేది. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా మా ఊరి ఫీల్డు అసిస్టెంటు కుర్రవాడు ఇంటికి వస్తే, టీ తాగేలోగా బంగాళాదుంప కోసి చూపించి పంపాను.

ఇక్కడ ఒక చరిత్ర సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ మూడో వంతు దగ్గర మహామహులే తడబడ్డారు. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో మొన తేలిన ఆకారానికి అడుగు వైశాల్యం, ఎత్తుల లబ్ధంలో సగం అని చెప్పాడు. ఆ శ్లోకానికి వేరే అర్థం చెప్పి సరిపెట్టాలని చూసిన పండితులున్నారు గాని, సూటిగా చదివితే సగమే. త్రిభుజానికి సగం గనుక దీనికీ సగమే అని తోచి ఉండవచ్చు. తర్వాత 628లో బ్రహ్మగుప్తుడు దాన్ని మూడో వంతుగా సరిగ్గా చెప్పాడు. అంతేకాదు, మా డివిజనులో నడిచిన తగవంతా ఆయన ముందే తీర్చిపెట్టాడు. గుంటల లెక్కకు ఆయన పెట్టిన పేరు ఖాత వ్యవహారం. వాలు గుంటకు పొడవుల సగటుతో వచ్చేది వ్యావహారిక ఫలం, వైశాల్యాల సగటుతో వచ్చేది స్థూలమైన ఫలం. పెద్దదాని నుంచి చిన్నది తీసివేసి, తేడాలో మూడో వంతును చిన్నదానికి కలిపితే సూక్ష్మ ఫలం వస్తుందన్నాడు. మన కుంటకు వేసి చూడండి. 174లో 147 పోతే 27. అందులో మూడో వంతు 9. 147కు 9 కలిపితే 156. మూలలు, ముక్కలు అన్న గొడవే లేకుండా ఒక్క వాక్యంలో తేల్చాడు. సుమారు 850లో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలోనూ ఇదే పద్ధతి ఉంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి శాస్త్ర గ్రంథాలలో ఒకటి లెక్కల పుస్తకం కావడం మనకు గర్వకారణం. నేను చదివిన ఎల్.సి.ఇ.లో వీరెవరి పేర్లూ వినలేదు. రిటైరయ్యాక లైబ్రరీలో కూచున్నప్పుడు తెలిశాయి.

కుంట తవ్వడం అయింది, ఇప్పుడు నీళ్లు నింపుదాం. అదే కుంటలో సగం లోతుకు, అంటే మీటరున్నరకు నీరు వచ్చిందనుకోండి. చూసేవారు కుంట సగం నిండిందంటారు. లెక్క వేస్తే 46.5 ఘనపు మీటర్లు. 156లో అది 30 శాతం లోపే. పూర్తిగా శంకువు ఆకారమైతే ఇంకా అన్యాయం, సగం లోతులో ఎనిమిదో వంతు నీళ్లే ఉంటాయి. మన చెరువులన్నీ ఈ రెండింటి మధ్య రకాలు. చెరువులో సగం నీరుంది గదా అని వరినాట్లు వేసినవాళ్లు చివరి తడికి ఇబ్బంది పడటం నేను చాలాసార్లు చూశాను.

పెద్ద జలాశయాలదీ ఇదే లెక్క. ముందు భూమి ఎత్తులు కొలిచి సమాన ఎత్తు గీతలతో పటం గీస్తారు. ఒక్కొక్క గీత లోపలి వైశాల్యం తీసి, రెండు గీతల మధ్య పొరను మన కుంటలాగే లెక్క కట్టి, పొరలన్నీ కూడతారు. అలా వచ్చే అంకెనే పేపర్లో టీఎంసీలని చదువుతున్నాం. టీఎంసీ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. వెయ్యి అడుగుల పొడవు, వెయ్యి అడుగుల వెడల్పు, వెయ్యి అడుగుల ఎత్తు ఉన్న పెట్టెను ఊహించుకోండి. అది నిండా నీళ్లయితే ఒక టీఎంసీ. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,831 కోట్ల లీటర్లు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా వస్తే ఆ పెట్టె నిండుతుంది.

ఈ లెక్క ఒకసారి కట్టి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేది కాదు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. మొదట్లో ఆ మట్టానికి 408 టీఎంసీలు పడుతుందని లెక్క. తర్వాత సర్వే చేస్తే 312 అని తేలింది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ 308 అనుకున్నది దాదాపు 216కు వచ్చింది. మట్టం మారలేదు, గేట్లు మారలేదు. అడుగున పూడిక చేరి ఆకారం మారింది. మట్టం చూసి నీటిని అంచనా వేసే పట్టిక పాతదైతే లేని నీటిని పంచుకోవలసి వస్తుంది. ఇప్పుడది రెండు రాష్ట్రాల మధ్య మాట కూడా కనుక ఇంతటితో ఆపుతాను.

ఇక ఇళ్లు కట్టుకుంటున్నవారికి, పిల్లల ఇళ్ల పనులు చూస్తున్నవారికి పనికొచ్చే నాలుగు ముక్కలు. రిటైరైన మనలాంటివాళ్లను చూడగానే ఇసుక ట్రాక్టరువాడికి ఎక్కడ లేని గౌరవం పుట్టుకొస్తుంది. ఇసుక, కంకర యూనిట్ల లెక్కన అమ్ముతారు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ట్రక్కు వచ్చినప్పుడు లోపలి పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలవండి, బయటి కొలతలు వద్దు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు అంటే 90 ఘనపుటడుగులే గాని 100 కాదు. పైన గోపురంగా పోశాం గదా అంటారు. ఆ గోపురానికి మూడో వంతు సూత్రం గుర్తు చేయండి. ఇంకొకటి, తడి ఇసుక ఉబ్బుతుంది. 5, 6 శాతం తేమ ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. ఒక గాజు సీసాలో ఆ ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోసి, నిండా నీళ్లు పోసి కలిపి వదిలేయండి. ఇసుక 16 సెంటీమీటర్లకు దిగిందంటే అయిదో వంతు గాలికి మీరు డబ్బిస్తున్నారని అర్థం. పూర్తిగా తడిసిన ఇసుక మళ్లీ పొడి ఇసుకంతే అవుతుంది. చిత్రంగా ఉంటుంది గాని చేసి చూడండి.

ఇంకుడు గుంతలకు, సెప్టిక్ ట్యాంకులకు దించే వరలకు ఒక సులువైన గుర్తు ఉంది. లోపలి వ్యాసం 3 అడుగులున్న వర, అడుగు ఎత్తుకు దాదాపు 200 లీటర్లు పడుతుంది. 4 అడుగుల వరైతే 356. వ్యాసం మూడో వంతు పెరిగితే నీరు ముప్పావు పైన పెరిగింది. కనుక లోతుకు పోయే ఖర్చు కంటే వెడల్పుకు పెట్టిన ఖర్చే కలిసొస్తుంది.

కలప కొనేవారికి ఒక మాట. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి పొడవుతో గుణించడం డిపోల్లో పాత అలవాటు. 18వ శతాబ్దంలో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లీషువాడు వేసిన పట్టికల ద్వారా వచ్చింది. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కలో 10 ఘనపుటడుగులు. నిజంగా అందులో ఉన్న కలప 12.73. చెక్కి చదరం చేసేటప్పుడు పోయే తరుగుకని ముందే వదిలేశారు. ఇందులో మోసం లేదు. అయితే ఈ లెక్కలో కొని, కోత మిల్లులో ఆ లెక్కలోనే మళ్లీ తరుగు కింద తగ్గించుకున్నారంటే మాత్రం అడగాలి.

చివరగా ధాన్యపు రాశి. 1150 నాటి భాస్కరాచార్యుల లీలావతిలో దీనికి ఒక చక్కని పద్ధతి ఉంది. రాశి మధ్యలోకి టేపు పోదు, వ్యాసం కొలవలేం. కనుక చుట్టూ తాడు వేసి చుట్టుకొలత తీయమన్నాడు. దానిలో ఆరో వంతును దానితోనే గుణించి, ఎత్తుతో గుణిస్తే పరిమాణం. చుట్టుకొలత 36 అడుగులు, ఎత్తు 4 అడుగులైతే, 6 ఇంటూ 6 ఇంటూ 4, అంటే 144 ఘనపుటడుగులు. ఖచ్చితమైన లెక్క 137.5. పైని 3గా పట్టుకున్నందువల్ల నూటికి ఐదు లోపు ఎక్కువ వస్తుంది. కళ్లంలో నిలబడి నోటితో వేసే లెక్కకు అది తక్కువేమీ కాదు. ఎత్తు కూడా కొలవనక్కరలేదని, లావు గింజలకు చుట్టుకొలతలో పదో వంతు, సన్న గింజలకు పదకొండో వంతు, ముళ్ల గింజలకు తొమ్మిదో వంతు ఎత్తు ఉంటుందని కూడా రాశాడు. గింజ జారే గుణాన్ని బట్టి రాశి వాలు ఉంటుందని గమనించిన మనిషి మాట అది.

నాకు అంతకంటే నచ్చినది గోడకు చేరగిల పోసిన రాశికి ఆయన చెప్పిన ఉపాయం. గోడకు ఆనించి పోస్తే అది సగం రాశి. తాడు కొలతను రెండుతో గుణించి నిండు రాశిగా లెక్క కట్టి, వచ్చినదాన్ని రెండుతో భాగించమన్నాడు. గది లోపలి మూలలో పోస్తే పావు రాశి, నాలుగుతో గుణించి నాలుగుతో భాగించాలి. ఇంటి బయటి మూలకు ఆనించి పోస్తే ముప్పావు రాశి, దానికి ఒకటీ మూడో వంతు. మా ఊరి గోడౌనులో మూల రాశిని 9 అడుగుల తాడు కొలత, 4 అడుగుల ఎత్తుతో చూశాను. నాలుగు తొమ్మిదులు 36, నిండు రాశి 144, అందులో పావు 36 ఘనపుటడుగులు.

ప్రసంగం అయ్యాక ఒక సభ్యులు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులో కలుపుతున్నాను. వారి ఇంట్లో జనరేటరుకు పడుకోబెట్టిన డీజిల్ డ్రమ్ము ఉంది. పుల్ల ముంచి చూస్తే పావు తడిసింది, పావు డ్రమ్ము ఉన్నట్టేనా అన్నారు. కాదు. పడుకున్న డ్రమ్ములో సగం తడిస్తే సగం ఉన్నట్టు, అంతవరకు సరే. పావు తడిస్తే 19.5 శాతమే, అంటే అయిదో వంతు కంటే కొంచెం తక్కువ. ముప్పావు తడిస్తే 80.5 శాతం. పుల్ల మీద సమానంగా గీతలు పెట్టకుండా, ఖాళీ డ్రమ్ములో ఐదేసి లీటర్లు పోస్తూ, పోసినప్పుడల్లా ఒక గీత పెట్టుకుంటే ఏ సూత్రమూ అక్కరలేదు.